సాగిన చోటు

సూరాడ ఎల్లాజీ ఓడలో గ్రీజు పని చేసేవాడు.
ఎనభై మూడులో, ఏదో చలి రేవులో
ఓ తెల్లవాడికి వల అల్లే సూది ఇచ్చి
బదులుగా క్యాసెట్టు పుచ్చుకున్నాడు.
అట్ట లేదు. పేరు లేదు.
ఇక్కడ లాంచీ దిగుతూ నీళ్ళలో జారవిడిచి,
లుంగీతో తుడిచి, మా డాబా మీద
మెత్తళ్ళ పక్కన ఆరబెట్టాడు.
"ఇదేటి పాటో నాకు తెల్దు గుంటా,
ఇంటే మాత్రం నిద్దరట్టదు."

మల్కాపురం. సైరను మోగాక
టేపురికార్డరు నొక్కాం.
మొదట బేసు వచ్చింది.
అప్పటిదాకా విన్న పాటల్లో బేసంటే
పెళ్ళిలో వంటవాడు: ఉంటాడు, కనపడడు.
ఇక్కడ ఆడే పెళ్ళికొడుకు.
గిటారు పాడదు, గీకుతుంది,
అడుగంటిన గిన్నెని చెంచాతో గీకినట్టు.
డ్రైడాకులో రాత్రి షిఫ్టుకి ఒక్కడే మిగిలి
రేకు మీద సుత్తేస్తున్నట్టు డ్రమ్ము.
ఇక ఆ గొంతు,
రేషను షాపులో కార్డు నంబర్లు పిలిచినట్టు,
ఎవరి మీదా కోపం లేకుండా.

ఇంగ్లీషు మాకు అందలేదు.
జ్ఞానాపురం రోజలిన్‌కి అందింది గానీ చెప్పలేదు.
"వాళ్ళ ఊళ్ళో కూడా సైరనుంది" అంది,
అంతే.

రెండో సైడు, మూడో పాట.
ఉప్పునీళ్ళు తాగి రిబ్బను సాగిన చోట
బేసు ఒక్క క్షణం కుంగి,
మెట్టు తప్పిన మనిషిలా ఊగి,
మళ్ళీ నడక అందుకునేది.
సాగిందని మాకేం తెలుసు?
పాట మొత్తానికి అదే గొప్ప చోటనుకున్నాం.

పాత హవాయి గిటారుకి రెండు తీగలు పీకి
మిగతావి వదులు చేస్తే అది నా బేసు.
మైకుసెట్టు దాలినాయుడు
అమ్మవారి పండగలు లేని రోజుల్లో ఆంప్లిఫయరిచ్చేవాడు.
సన్యాసికి కిరసనాయిలు డబ్బాలు.
ఆ కుంగుడు రావాలంటే
గిటారు మెడని మోకాలితో నెట్టాలి,
ఎంతంటే, విరుగుతుందేమోనని భయమేసేంత.
ఆరు నెలలు పట్టింది.
పగలు కంపెనీలో రొయ్యలు ఒలిచి
రాత్రి తీగలు మీటితే
ఏ కోత దేనిదో తెలిసేది కాదు.

వాయించింది ఒక్కసారే.
పోర్టు కార్మికుల హాల్లో,
మిమిక్రీకీ బహుమతులకీ మధ్యన.
"మైకు బాగులేదు, చూడండ్రా" అని
ముందు వరసలో ఒకాయన మూడుసార్లు లేచాడు.
వెనక గోడకి ఆనుకుని ఓ పిల్లాడు మాత్రం
తల ఊపుతూ ఊపుతూ
ఆ చోట ఆగిపోయాడు.

రోజలిన్ పెళ్ళాడి పెరంబూరు వెళ్ళింది.
సన్యాసి వెల్డరయ్యాడు, ఇప్పుడు ఎడమ చెవి వినపడదు.
క్యాసెట్టు హుద్‌హుద్‌లో
పైకప్పు రేకుతో పాటు ఎగిరిపోయింది.
ఇంకోసారి తడిసే ఉంటుంది.

పోయిన నెల మా అక్క మనవరాలు
లాసన్స్ బే దగ్గర ఓ మేడ మీదికి లాక్కెళ్ళింది.
కాఫీ రెండొందల ఎనభై.
నలుగురు పిల్లలు, నల్ల చొక్కాలు.
మేఘనాథ్ అనేవాడు బేసు మొదలెట్టాడు.
కాసేపటికి ఆ బేసు కుంగింది.
నేను కుర్చీ పట్టుకున్నాను.

"ఎవరు నేర్పారయ్యా?"
"గోపాలపట్నంలో మా సారు, ఆంటీ.
ఆయన చిన్నప్పుడు పోర్టు హాల్లో ఎవరి దగ్గరో విన్నారంట.
దీన్ని పోస్ట్-పంక్ అంటారు."
"మేం రెండో సైడు అనేవాళ్ళం."

ఫోనులో అసలుది వెతికి వినిపించాడు.
అట్ట చూశాను మొదటిసారి. పేరు చదివాను.
శుభ్రంగా ఉంది పాట, గంజి పెట్టిన చొక్కాలా.
ఆ చోటు వచ్చింది.
బేసు మెట్టు తప్పకుండా
నన్నెరగనట్టు
నడిచి వెళ్ళిపోయింది.

"అయితే మాది తప్పా ఆంటీ?"

కింద రోడ్డు మీద ముంతకింద పప్పు బండి గంట.
గిటారు ఇలా ఇమ్మన్నాను.
మోకాలు ఎక్కడ ఆనించాలో
వాళ్ళ సారు చూపించలేదట.
గోడ దగ్గర్నించి
కనపడి ఉండదు.